రిలీవర్ వచ్చేదాకా

గోదావరిఖనిలో కొత్తగా కట్టిన ఆ ప్రైవేటు దవాఖానలో మూడో అంతస్తు మొత్తం మతిమరుపు రోగులకే. గోడల నిండా పొద్దుతిరుగుడు పూల బొమ్మలు వేయించారు. వాటిని చూస్తే రోగులు నెమ్మదిస్తారట. సుసన్నాకు మాత్రం ఆ పసుపుపచ్చ పూలు కంటబడ్డప్పుడల్లా ఒళ్ళు మండేది. పూల పక్కన మంచం, మంచానికి గుడ్డ పట్టీలు, ఆ పట్టీల్లో ఆమె మొగుడు అంద్రెయ చేతులు. ఇదీ వాళ్ళ ప్రత్యేక వైద్యం!

అంద్రెయ ఉద్యోగమంతా బొగ్గుబాయి అడుగున పంపు దగ్గరే గడిచింది. అక్కడ ఊరే నీటిని ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. పంపు ఆగిందంటే పనిచేసే చోటు మునుగుతుంది. అందుకని పంపు మనిషికి ఒకటే కట్టుబాటు. షిఫ్టు అయిపోయినా సరే, తర్వాతి షిఫ్టువాడు, అంటే రిలీవర్, వచ్చి పంపు మీద చెయ్యి వేసేదాకా అక్కణ్ణుంచి కదలకూడదు. పెళ్ళి, పిల్లలు, ఇంటి దారి అన్నీ మరిచిపోయాడు గానీ, ఈ ఒక్క కట్టుబాటు అంద్రెయను వదల్లేదు. మధ్యాహ్నం షిఫ్టు మారే గని సైరన్ మోగగానే బాత్‌రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, గొట్టం పట్టుకుని కూర్చుంటాడు. లాగబోయినవాళ్ళను తంతాడు. "రిలీవర్ రాలే!" అని వార్డంతా దద్దరిల్లేలా అరుస్తాడు. నిన్నయితే నర్సు ముంజేయి కొరికాడు.

"ఈ రోజు కూడా అట్లనే చేస్తే ఇక పట్టీలు విప్పేది లేదమ్మా. సూది మందు పెంచాల్సిందే," అన్నాడు డాక్టర్ జగదీశ్వర్. ఆ మాట అంటున్నప్పుడు రోగి వైపు చూడను కూడా లేదు.

"సూది దేనికి సారూ? రిలీవర్ అచ్చిండని ఒక్కమాట చెప్పుండ్రి. ఆయనే లేచి వస్తడు."

"రోగులకు అబద్ధాలు చెప్పడం మా పద్ధతి కాదమ్మా."

మనిషిని కట్టెయ్యడం పద్ధతి, మంచిగా ఒక మాట చెప్పడం పద్ధతి కాదు! సుసన్నా అతణ్ణి కింది నుంచి మీదికి చూసింది. ఇంత చదువూ చదివి నేర్చింది ముడి వెయ్యడమా అనుకుంది. కానీ అణుచుకోక తప్పలేదు. పోయినసారి ఆ సూది వేసినప్పుడు అంద్రెయ అన్నం కూడా మింగలేకపోయాడు. మందు పెంచితే మనిషి దక్కడని ఆమె భయం.

"మా కొడుకుతోని చెప్పిస్త. ఇయ్యాల్టికి పట్టీలు ఇప్పుండ్రి," అని బతిమాలింది. అలాంటివాణ్ణి బతిమాలడం ఆమెకు చేదుగానే ఉంది. ఈ ఒక్కసారికి సరేనన్నాడు డాక్టర్.

ఆ కొడుకు సంగతీ చెప్పుకోవాలి. జబ్బు వల్ల అంద్రెయ పనికి అన్‌ఫిట్ అని తేల్చినప్పుడు వారసుడిగా ఎడ్వర్డ్‌కు బొగ్గు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. తండ్రి బదులు బాయి దిగాల్సినవాడు నాయకుల గుమ్మాలు పట్టుకుని తిరిగి, పైన ఆఫీసులో కుర్చీ సంపాదించాడు. బాయి లోపల ఎట్లా ఉంటుందో చూడాలంటే ఆ దొరగారు ఫోన్‌లో చూసుకోవాల్సిందే. వార్డుకు వచ్చినా తండ్రి మొహం కన్నా ఆ ఫోన్ మొహమే ఎక్కువ చూస్తాడు. మందు పెంచండి సార్ అని ముందుగా అన్నది కూడా వాడే.

సైరన్ మోగింది. పట్టీలు విప్పీ విప్పగానే అంద్రెయ బాత్‌రూంలోకి నడిచాడు. కుళాయి తిప్పి, గొట్టం పట్టుకుని చతికిలబడ్డాడు. నీళ్ళు నేలంతా పారాయి. సుసన్నా కుచ్చెళ్ళు ఎగదోపుకుని, చెప్పులు విడిచి, ఆ నీళ్ళలో నిలబడి, వార్డులో ఫోన్ చూసుకుంటున్న కొడుకును పిలిచింది. వాడు గుమ్మం దగ్గరే ఆగాడు.

"షూ తడుస్తయమ్మా."

"తడవనియ్. చెప్పు."

"బాపూ, రిలీవర్ నేనే. అచ్చిన. ఇగ లే," అని పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు.

అంద్రెయ తల తిప్పాడు. కొడుకు మొహం చూడలేదు, కాళ్ళు చూశాడు. పాలిష్ మెరిసిపోతున్న నల్ల షూ. వాటినే చూసీ చూసీ మొహం చిట్లించాడు.

"గమ్‌బూట్లేవిరా? నీళ్ళల్ల దిగనోనికి పంపు ఎట్ల అప్పజెప్పాలె? పో, పనిజేసేటోణ్ణి తోలు."

ఎడ్వర్డ్ మొహం కందగడ్డ అయింది. "చూసినవా అమ్మా? ఏం జెప్పినా గింతే. సార్, కట్టెయ్యుండ్రి," అన్నాడు. డాక్టర్ చెయ్యి ఊపగానే ఇద్దరు ఆయాలు పట్టీలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

తండ్రి ఉద్యోగం తింటూ తండ్రినే కట్టెయ్యమంటున్నాడు. సుసన్నాకు వాడి మీద కోపం కూడా రాలేదు. కోపానికి కూడా వాడు తగడనిపించింది. వెళ్ళి మొగుడి పక్కన నీళ్ళలోనే కూర్చుని గొట్టం మీద చెయ్యి వేసింది.

"నేనచ్చిన. ఇగ నువ్వు పో."

అంద్రెయ ఆమె కాళ్ళు చూశాడు. తడిసి, వేళ్ళు నాని ఉన్నాయి.

"బువ్వ తిని అచ్చినవా?" అని అడిగాడు.

"తిన్న."

"నీళ్ళు మీదికస్తే జల్ది ఫోన్ కొట్టు. ఒక్కదానివే ఆగం గాకు."

గొట్టం మీది నుంచి చెయ్యి తీశాడు. ఎవరూ పట్టుకోకుండానే లేచి, మంచం దాకా నడిచి, పడుకున్నాడు. పట్టీలు ఆయాల చేతుల్లోనే ఉండిపోయాయి.

డాక్టర్ గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా, ఆయన పడుకున్నడు కదా. ఇంక లేవండి."

సుసన్నా లేవలేదు. గుమ్మం అవతల పొడినేల మీద నిలబడి మళ్ళీ ఫోన్ తీసిన కొడుకు వైపు చూసింది.

"ఎట్ల లేస్త సారూ?" అంది. "నా రిలీవర్ రావాలె గద."