గొడుగుల పిల్ల సీడీ

నేను ఒక సీడీని. చదువుకున్నవాళ్ళు డీవీడీ అంటారు, రెంటికీ చాలా తేడా ఉందంటారు. ఉంటే ఉండనివ్వండి. మా విజయనగరంలో గుండ్రంగా మెరిసేదల్లా సీడీయే. ముందే చెప్పేస్తున్నాను, నాకు కుదురు లేదు. డబ్బాలో పెట్టి మూత వేస్తే ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. ఎవరైనా తీస్తారేమో, ఎవరైనా తిప్పుతారేమో అని మూత వైపే చూస్తూ ఇన్నేళ్ళు గడిపాను.

నేను పుట్టడానికి పట్టింది నాలుగు సెకన్లు. సగ్గుబియ్యంలాంటి తెల్ల గింజల్ని కరిగించి, అచ్చులో పోసి నొక్కారు. ఆ ఒక్క నొక్కులోనే గంటా నలభై నిమిషాల కథ నా ఒంటి మీద పడిపోయింది. మీరు మోచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుంటే నాలుగు రోజులు మూలుగుతారు. నాకు ఇంత కథ పొడిచి, వెండిరంగు పూత పూసి, ‘ఊఁ, తర్వాతది’ అన్నారు. నా తర్వాత నాలాంటివాళ్ళే వేలమంది. వాళ్ళంతా ఏ ఊళ్ళు చేరారో, ఎవరింట్లో తిరిగారో నాకు తెలీదు. నాకు అక్షరం ముక్క రాదు గానీ, మోసిన కథలో ప్రతి మాటా నోటికొచ్చు.

అది జపాను వాళ్ళ సినిమా. మనుషులుండరు, అన్నీ గీసిన బొమ్మలే. ఒక దీవి ఉంటుంది, అక్కడ వానంటే వానే. ఒక పిల్ల గొడుగులు బాగుచేస్తుంది. రేవులో పడవలకి తాళ్ళు కట్టే కుర్రాడొకడు రోజూ పొద్దున్నే విరిగిన గొడుగు పట్టుకొస్తాడు. రోజూ ఎలా విరుగుతుందమ్మా? వాడే విరుస్తాడు. ఆ సంగతి పిల్లకి తెలుసు. ఆమెకి తెలుసని వాడికీ తెలుసు. అయినా ఇద్దరూ నోరు విప్పరు, గంటన్నర సేపు! చివర్లో రేవు మీద నాలుగు నిమిషాలు మాట్లాడుకుంటారు. అంతే సినిమా.

నన్ను కొన్నవాడు పైడిరాజు. గంటస్తంభం దాటాక ఒక సందులో సీడీలు అద్దెకిచ్చే కొట్టుండేది వాడికి. నా మీది బొమ్మ చూశాడు, ‘బొమ్మల సినిమా’ అనుకున్నాడు, పిల్లల అరలో పెట్టేశాడు. నన్ను తీసుకెళ్ళిన పిల్లలు పావుగంట ఓపికపట్టేవాళ్ళు. ఎప్పుడు తన్నుకుంటారా, ఎప్పుడు ఎగురుతారా అని చూసేవాళ్ళు. ఎవరూ తన్నుకోరు. ఒక పిల్ల సూదిలో దారం ఎక్కిస్తూ ఉంటుంది. టక్కున ఆపేసేవాళ్ళు. తిరుగుతున్నదాన్ని నడిమధ్యలో ఆపితే కడుపులో ఎలా ఉంటుందో మీకేం తెలుసు?

ఒకరోజు ఒకావిడ కొట్టు ముందుకొచ్చి గొంతెత్తింది. “ఏటి పైడిరాజూ, ఇలాటి సినిమా ఇచ్చీసినావు? మా గుంటడు కంచం ముందు కూకుని ప్రేమంటే ఏటని అడిగినాడు. ఆళ్ళ నాన్నకే తెలీదు, ఆడికేటి చెప్పాల?”

పైడిరాజు గడ్డం గోక్కున్నాడు. పిల్లలది కాదంటే పెద్దలదేగా! కొట్టు వెనక పరదా చాటున ‘పెద్దలకు మాత్రమే’ అని ఇంకో అర ఉండేది. నన్ను తీసుకెళ్ళి అందులో పెట్టాడు. ఇక నా అవస్థ చెప్పుకుంటే నవ్వుతారు. జేబురుమాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చే పెద్దమనుషులు నన్ను కాగితంలో చుట్టించుకుని పట్టుకెళ్ళేవారు. మర్నాడు విసిరికొట్టేవారు. “నీకు బుద్ధుందేటి పైడిరాజూ? గంటన్నర కూకున్నాను. గొడుగులు!” అన్నాడొకాయన ఏడుపు మొహంతో. నన్ను చివరిదాకా చూసిన మొదటి మనిషి ఆయనే. కానీ వేరే దేనికోసమో చూశాడు, పాపం.

నాకొకటి అర్థంకాదు. ఈ మనుషులకి బొమ్మంటే పిల్లలది, పెద్దలదంటే పరదా చాటుది. మధ్యలో ఉన్న బతుకంతా ఏ అరలో పెట్టుకుంటారో!

తర్వాత అందరి ఫోన్లలోకీ సినిమాలొచ్చేశాయి. కొట్టు మూతపడింది. పైడిరాజు మమ్మల్ని గోనెసంచిలో పోసి వాళ్ళ అప్ప వరహాలమ్మకి ఇచ్చాడు. అక్కని మా వైపు అప్ప అంటారు. ఆవిడ ఇంటి వసారాలోనే అట్ల దుకాణం నడుపుతుంది. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఆరబెట్టిన పప్పు మీద కాకులు వాలకుండా మమ్మల్ని దారాలకి గుచ్చి వేలాడదీద్దామని ఆవిడ ఆలోచన. నా ముందు పదిమందిని గుచ్చేసింది. నా వంతొచ్చింది. దారం నా నడుములోకి వచ్చాక, నా మీది బొమ్మ చూసి చెయ్యి ఆపింది.

“ఒరే పైడీ, ఈ పిల్ల దారం పళ్ళతో తెంపతంది చూడు.”

“బొమ్మల సినిమా అప్పా. చిన్నపిల్లలే చూళ్ళేదు.”

“చిన్నపిల్లలకేటి తెలుస్తాది, దారం తెంపడం!” అని నన్ను చీరకొంగుతో తుడిచింది.

దుకాణం పదకొండుకి కట్టేస్తుంది. మధ్యాహ్నం తలుపు గడియపెట్టి, పైడిరాజు కొట్టులోంచి తెచ్చిన పాత మిషనులో నన్ను పెట్టింది. గడియెందుకంటే, యాభయ్యొక్కేళ్ళ మనిషి బొమ్మల సినిమా చూస్తోందని వీధికి తెలిస్తే ఇంకేముంది! మొదటిసారి నవ్వింది, కళ్ళేటి ఇంతేసి పెద్దవి అని. మూడోసారికి నవ్వు పోయింది. ఐదోసారికి టీవీకి జానెడు దూరంలో కూర్చుంది.

ఆవిడకి కింద వచ్చే ఇంగ్లీషు రాదు, లోపల వినిపించే జపాను రాదు. అయినా ఆవిడ చూసినట్టు నన్నెవరూ చూడలేదు. కుర్రాడు రాని రోజున ఆ పిల్ల సామానంతా రెండుసార్లు తుడుస్తుంది. అది పట్టుకుంది. ఆ రోజు గీసిన వాన మిగతా రోజుల వానకన్నా నెమ్మదిగా పడుతుంది. అదీ పట్టుకుంది. “నిజం మనుషులైతే మొకంతో ఏదో ఒకటి చేస్తానే ఉంటారు. బొమ్మ ఊరుకోగలదు. ఊరుకున్నప్పుడే తెలుస్తాది లోపలేటుందో,” అని నాతోనే అంది. నాతోనే!

ఏడుసార్లు చూసింది. చివరి నాలుగు నిమిషాలు మాత్రం ఆవిణ్ణి నిలవనివ్వలేదు. గంటన్నర నోరు విప్పనివాళ్ళు విప్పారు కదా, ఏమనుకున్నారు? ఆ కుర్రాడు ఏం చెప్పాడు? అట్లు పోస్తూ అదే ఆలోచన. ఆ వారం రెండుసార్లు పిండిలో ఉప్పు మరిచిపోయింది.

నిజం చెప్పాలంటే ఉప్పు మరిచిపోవడానికి ఇంకో కారణముంది. పక్కవీధి మేస్టారు ఒకటో తారీకున ఇల్లు ఖాళీ చేసి రాయగడలో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నారని తెలిసింది. జగ్గునాయుడు మేస్టారు, మున్సిపల్ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయినప్పటినుంచీ, అంటే తొమ్మిదేళ్ళుగా, రోజూ ఏడింటికి వచ్చి బల్ల చివర కూర్చుని ఒక పెసరట్టు తింటారు. ఈ తొమ్మిదేళ్ళలో వాళ్ళ మాటలన్నీ కలిపితే “అల్లం వేసేదా?”, “వెయ్యండి.” అంతే. ఆ ఒకటో తారీకు ఇంకా మూడు వారాల్లో ఉంది.

ఒక పొద్దున్న పెనం మీంచి తలెత్తకుండానే అడిగేసింది. “మేస్టారూ, నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదివిపెట్టాల.”

“ఉత్తరమా?”

“సినిమా.”

“ఏం సినిమా?”

“బొమ్మలది.” బల్ల మీద ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. మేస్టారు నవ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం వస్తానన్నారు.

ఆ ఆదివారం వరహాలమ్మ వీధి తలుపు బార్లా తీసి ఉంచింది. పరాయి మగమనిషి ఇంట్లో కూర్చున్నప్పుడు తలుపు మూయకూడదు. అదొక్కటీ చాలదని తమ్ముణ్ణి పిలిచి మంచం మీద కూర్చోబెట్టింది. పైడిరాజు కూర్చున్న పది నిమిషాలకే గుర్రు మొదలుపెట్టాడు.

“చివరి ముక్క చదివితే చాలు మేస్టారూ.”

“అదెలా కుదురుతుంది? మొదట్నుంచీ చూడకుండా చివరి వాక్యానికి అర్థం చెప్పకూడదు,” అన్నారాయన. మొదట్నుంచీ మొదలుపెట్టారు.

మొదట్లో బళ్ళో పాఠం చదివినట్టు గొంతెత్తి చదివారు. “‘గొడుగు ఎలా విరిగింది?’ ‘గాలికి.’” అంటూ. అరగంటయ్యేసరికి గొంతు తగ్గింది. కుర్రాడు మోకాలికి కొట్టి గొడుగు కమ్మి విరుచుకునే చోట అయితే చదవడమే మరిచిపోయారు. అక్కడ చదవడానికి ఏమీ లేదు లెండి. నేను మాత్రం హడలిపోతున్నాను. నా అంచు మీద గీత ఉంది, చివర్లో ఇరుక్కుంటే? ఈవిడ మళ్ళీ ధైర్యం చేసి అడుగుతుందా?

రేవు వచ్చింది. వాన వెలిసింది. కుర్రాడు గొడుగు చాచాడు, మాట్లాడాడు. కింద అక్షరాలు పడ్డాయి.

మేస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు. తర్వాత అన్నారు: “‘రేపు పొద్దున్న మళ్ళీ తెస్తాను’ అంటున్నాడు.”

నేను తిరుగుతూనే అదిరిపడ్డాను. ఆ మాట నా ఒంటి మీద ఎక్కడా లేదు!

వరహాలమ్మ రిమోటు నొక్కి బొమ్మని ఆపింది. “ఆడు అలా అన్లేదు మేస్టారూ.”

“అక్కడ అలాగే ఉందండి.”

“రేపొస్తానన్నోడు తాళ్ళకేసి చూస్తాడేటి? దాని మొకంకేసి చూస్తాడు. ఆ పిల్ల సూది కింద పెట్టీసింది. రేపొస్తాడంటే సూదెందుకు దించుతాది?”

మేస్టారు కళ్ళజోడు తీశారు. పంచె అంచుతో తుడిచారు, మళ్ళీ తుడిచారు. “‘ఇది బాగుచెయ్యడానికి తేలేదు. నీ దగ్గరే ఉంచుకో. నేనింక రాను’ అన్నాడు.”

“మరి మీరెందుకు మార్చీసినారు?”

“ముప్ఫయ్యేళ్ళు ఉన్నది ఉన్నట్టు చదవమని పిల్లల్ని కొట్టాను వరహాలమ్మగారూ. ఈ ముక్క దగ్గర నోరు రాలేదు.”

టీవీలో ఆ పిల్ల ఆగిపోయి ఉంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

“ఒకటో తారీకున మీరూ ఇలాగే ఎల్లిపోదామనుకున్నారేటి?” అందావిడ.

“చెప్పే వెళ్దామనుకున్నాను.”

“ఏటని?”

నాకు ఒక్క చోట నిలబడ్డం చేతకాదు, లోపల గిర్రున తిరుగుతూనే ఉన్నాను. ఎవరో ఒకరు మాట్లాడండర్రా అని అరవాలనిపించింది.

“ఎల్లకండి,” అంది వరహాలమ్మ. అట్టు తిరగేసినంత తేలిగ్గా అంది. “ఉండిపోండి. ఇక్కడే.”

“ఊరు ఏమంటుందో...”

“పాతికేళ్ళనించీ ఈ ఊరికి అట్లు పోస్తన్నాను మేస్టారూ. దాని నోట్లో ఏటుంటాదో నాకు తెలీదేటి?”

గుర్రు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. పైడిరాజు కళ్ళు మూసుకునే అన్నాడు: “అప్పా, నాను నిద్దట్లో ఉన్నాను. ఏటీ ఇన్లేదు.”

మేస్టారు ఆ రోజు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత పది రోజులూ బల్ల చివరకి రాలేదు. వరహాలమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు, నన్ను తిప్పనూ లేదు. రోజూ ఒక పెసరట్టు ఎక్కువ పోసి, చల్లారాక కుక్కకి పడేసేది. నాకు నిద్ర లేదు.

ఒకటో తారీకున లారీ వచ్చింది. ఆయన మంచం, బీరువా, నాలుగు మూటల పుస్తకాలు ఎక్కించారు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. లారీ కదిలింది. రాయగడ రోడ్డెక్కలేదు. మలుపు తిరిగి, అట్ల దుకాణం ముందు ఆగింది. మేస్టారు దిగి, “బీరువా ఎక్కడ పెట్టమంటారు?” అని అడిగారు.

ఆ బీరువాలోనే ఉన్నాను ఇప్పుడు, పుస్తకాల పక్కన. అప్పుడప్పుడూ తీస్తారు, తిప్పుతారు, తలుపు గడియ పెట్టకుండానే. రేవు దగ్గరికి రాగానే ప్రతిసారీ గొడవే. “రానన్నాడు, కాబట్టి రాడు,” అంటారాయన. “మర్నాడే వస్తాడు. ఏటి పందెం?” అంటుందావిడ. మర్నాడన్నది నా మీద లేదు, రేవుతోనే నేను అయిపోతాను. కథంతా నేనే మోస్తున్నానని ఇన్నేళ్ళూ మిడిసిపడ్డాను గానీ, ఆవిడ అంత గట్టిగా చెప్తుంటే ఈమధ్య నాకూ అనుమానం వస్తోంది. సినిమా అయిపోయి ఆగిపోయాక, చీకటి మిషనులో, ఆ కుర్రాడు తిరిగొచ్చి పడవ దిగుతున్నాడేమోనని చెవులు రిక్కించి పడుకుంటున్నాను.