చెట్టు మొదట్లో చెక్కపేళ్లు

వడ్రంగి పిట్టల్లో చిన్నది ఎండుకొమ్మల మీద బతుకుతుంది. పెద్దది మానులోనే ఇల్లు తొలుస్తుంది. అందుకే చెట్లు కొట్టే మేం ఏ పిట్ట ఉందో చూసుకుని గాని ఎక్కం. తొలిచిన మానుకి తాడు కడితే మనిషీ మానూ కలిసే దిగుతారు.

ఆ రోజు చెట్టు కొట్టడానికి వెళ్లిన పెరట్లో పొద్దున్నే చూశాం. చిటారు కొమ్మ మీద పిడికెడంత పిట్ట, నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, టకటకా కొడుతోంది.

"చిన్నదే," అన్నాను.

మా అక్క మొగుడు రంపం నడుముకి తగిలించుకుని ఎక్కాడు. మాను చుట్టూ తాడు వేసి, దాని మీద బరువంతా మోపి వెనక్కి వాలాడు. వాలిన వైపే కింద ఇంటివాళ్ల రేకుల షెడ్డు.

నేను చెట్టు మొదట్లో చోటు శుభ్రం చేద్దామని వంగాను. గడ్డిలో చెక్కపేళ్లు. బొటనవేలి గోరంత ఉన్నాయి, ఇంకా తడి ఆరలేదు. చిన్న పిట్ట కొడితే పొట్టు రాలుతుంది, పేళ్లు రాలవు.

కేకేస్తే ఉలిక్కిపడతాడు.

"బావా, రంపం పెట్టకు. కదలకు."

"ఏం బావమరిదీ, పొద్దున్నించి ఇది నీ రెండో మాట. ఒంట్లో బాగుందా?"

"రంపం పిడితో మానుని మెల్లగా తట్టు."

తట్టాడు. మోకాళ్ల దగ్గర గట్టిగానే పలికింది. ఛాతీ దగ్గర, తాడు ఉన్నచోట, ఖాళీ డబ్బాలా మోగింది. ఆ మోతకి అవతలి వైపు అల్లుకున్న తీగలోంచి ఎర్ర జుట్టు పెద్ద పిట్ట ఒకటి దూసుకుపోయింది. మాను కిర్రుమంది.

"ఏం చెయ్యమంటావు?" ఈసారి గొంతులో నవ్వు లేదు.

"వాలకు. మానుని కావలించుకో. తాడు కిందికి జరుపుకుంటూ రా."

"మీ అక్కని కూడా ఇంత గట్టిగా ఎప్పుడూ..."

"మాట్లాడకు."

జానెడు జానెడుగా తాడు దించాడు. దించినప్పుడల్లా మాను మూలిగింది. నేను కింద చేతులు చాచి నిలబడ్డాను, పడితే పట్టుకోగలిగేవాడిలా.

కాళ్లు నేలకి తగలగానే బావ గడ్డిలో కూలబడ్డాడు.

"చిన్నదన్నావు."

"అదీ ఉంది."

"రెండూ ఒకే చెట్టు మీదా?"

"ఊఁ."

పేడు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. జేబులో వేసుకున్నాడు.

"మీ అక్కకి చెప్పకు."

"నేనెప్పుడు ఎవరికి ఏం చెప్పాను?"

షెడ్డులోకి ఎవరూ వెళ్లొద్దని ఇంటావిడకి చెప్పడానికి మాత్రం నేనే వెళ్లాల్సి వచ్చింది. బావ ఇంకా గడ్డిలోంచి లేవలేదు.