ఓనరు పేరు సూర్యావతి

పొద్దున్నే తడిగుడ్డతో తులసి ఆకులు ఒక్కొక్కటే తుడవడం నా పని. పూజ కోసం కాదు, మసి కోసం. బర్మాలో మేముండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మాది మొదటి అంతస్తు. సరిగ్గా మా వరండా కిందే మా ఆయన భాస్కర్ స్కూలు వ్యాను నిలబెట్టి ఇంజను వేడెక్కిస్తాడు. పావుగంటలో ఆకులు నల్లబడతాయి. గుడ్డ పిండితే బొగ్గు కడిగిన నీళ్ళే. ఆకులకైతే నేనున్నాను, నా ఊపిరితిత్తులు తుడిచేదెవరని ఒకరోజు అన్నాను. మా అత్త నవ్వింది. "మా కాలంల కట్టెల పొయ్యికాడ దగ్గినోళ్ళం కామేటి? ఎవులు సచ్చిపోనారు?" అంది. ఎవరు పోయారో చెప్పాలంటే ఆవిడ తోటికోడలి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ వ్యాను నాదే. ఓనరు పుస్తకంలో నా పేరే ఉంది. ప్రేమకొద్దీ రాయించింది మాత్రం కాదు. బండి కొనాలంటే పౌరసత్వం కార్డు చూపించాలి. భాస్కర్ తాతగారి కాగితాలు యుద్ధంలో పోయాయట, అందుకని అతని కార్డు పదకొండేళ్ళుగా వస్తూనే ఉంది. నాకు మా నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగి తీయించిన పింక్ కార్డు, అంటే పూర్తి పౌరసత్వం కార్డు, ఉంది. పెళ్ళిచూపుల్లో మా అత్త వంటొచ్చా, కుట్టొచ్చా అని అడగలేదు. "కార్డు ఏ రంగు?" అని అడిగింది. రెండేళ్ళ కిందట వ్యాను కొన్నప్పుడు మాత్రం మిఠాయి పంచుతూ, "నా కొడుకు బండి పెళ్ళాం పేరునెట్టినాడు, ఇలాటోడు ఎక్కడైనా ఉంటాడేటి?" అని వీధంతా చెప్పుకొచ్చింది. అప్పట్నుంచి కూరలో ఉప్పు తగ్గినా ఆ మాటే, బట్టలు ఆరకపోయినా ఆ మాటే. బండి పేరునెట్టినా బుద్ధి రానేదు, అని.

ఓనర్ని కదా, నా చోటు వెనక సీటు. పద్నాలుగు మంది పిల్లల్ని ఎక్కించాలి, దించాలి, సంచులు అందుకోవాలి, కక్కుకుంటే కడగాలి. దీనికి జీతమెంతని ఒకసారి సరదాకి అడిగితే భాస్కర్, "ఓనరుకి జీతమేటే?" అన్నాడు. వెనక కిటికీ రబ్బరు ఊడిపోయి పొగ లోపలికే వస్తుంది. రబ్బరు వేయించమని అడిగి అడిగి మానేశాను. ఫ్యూఫ్యూ అని ఆరేళ్ళ పిల్ల, రోజూ మేం మొదట ఆగే ఇంటి పిల్ల. "దగ్గుతోంది ఆంటీ, కాస్త గాలి తగిలేలా కిటికీ దగ్గర కూర్చోబెట్టు" అని వాళ్ళమ్మ మొదట్లోనే చెప్పింది. కూర్చోబెట్టాను. నా పక్కనే, ఆ వెనక కిటికీ దగ్గరే.

గురువారం స్కూలు గేటు దగ్గర ఒక లాయరమ్మ కరపత్రాలు పంచింది. భాస్కర్ బర్మీస్ గడగడా మాట్లాడతాడు గాని చదవలేడు. ఇంటికొచ్చాక బియ్యం ఏరుతూ నేనే చదివి వినిపించాను. మా వ్యాను లాంటి డీజిల్ బళ్ళను దిగుమతి చేసిన కంపెనీ పొగ పరీక్ష కాగితాల్లో తప్పుడు అంకెలు వేసి అమ్మిందట. కొన్నవాళ్ళంతా కలిసి దావా వేస్తున్నారు. ఓనరు స్వయంగా రావాలి. ఆదివారం బండి కింద కూడా చూస్తారు. కంపెనీ పెట్టిన భాగమేదీ తీయలేదని ఓనరు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

"ఎల్దాం. నువ్వు సంతకమెట్టు," అన్నాడు భాస్కర్.

కాగితం తిప్పాను. వెనక ఒక బొమ్మ ఉంది. రెండు గిన్నెలు మూతికి మూతి బోర్లించినట్టు ఒక ఇనప డబ్బా, అటూ ఇటూ గొట్టం ముక్కలు. పొగలోని మసిని పట్టి ఆపేది ఇదే, ఇది మీ బండి కింద ఉందో లేదో చూసుకోండి, అని కింద రాసి ఉంది.

దాన్ని చూడ్డానికి బండి కిందకి దూరక్కర్లేదు. వరండాలో మా తులసి కుండీ దానిమీదే ఉంది. బండి కొన్న ఆరో నెలలో, పజుండౌంగ్‌లో మెకానిక్ ఏడుకొండలు షెడ్డు నుంచి భాస్కర్ తెచ్చాడు. పనికిరాని ఇనుము, కుండీకి పీటవుతాదన్నాడు. ఇన్నేళ్ళకు నన్ను తలుచుకుని ఒక వస్తువు తెచ్చాడని మురిసిపోయాను. చింతపండుతో తోమాను. తులసమ్మను మోస్తోంది కదా అని ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను.

"ఇది మన కుండీ కిందది కాదేటి మావా?"

అతను తలెత్తలేదు. "ఈ ఊరి రోడ్లకి అది ఊరికే మూసుకుపోతంది. ఏడుకొండలు కోసీసి గొట్టం అతికించీసినాడు. అందరూ అదే సేస్తన్నారు. పికప్ ఎంత పెరిగిందో సూసినావు కదా?"

"మరి పొగ?"

"పొగకేటి, ఎనక్కి పోతాది."

వెనక ఉండేది నేను. ఆ సంగతి అతనికి గుర్తు రాలేదు. గుర్తుండి అన్నా బాగుండేదేమో, కనీసం కోపం తెచ్చుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"అయితే మనం సేరకూడదు కదా."

"ఎందుకు సేరకూడదు? ఆదివారం ఒక్కరోజుకి మళ్ళీ అతికించీమంటాను. నువ్వు పెమాణం సేసీ."

"పట్టుబడితే?"

"పట్టుబడితే నాకేటి? బండి నీ పేరునుంది. ఆడదాన్ని, నాకేటీ తెల్దని ఏడిస్తే వదిలేస్తారు."

బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉన్నాను. చేతులకు ఆగడం తెలియదు. శుక్రవారమంతా, శనివారమంతా ఆ దావా గురించే ఆలోచించాను. మోసపోయినవాళ్ళు చేరాలని ఉంది. మోసపోయాను, నిజమే. కానీ ప్రతివాది అన్నచోట కంపెనీ పేరు ముందే అచ్చు వేసేశారు. నన్ను మోసం చేసిన కంపెనీ నా ఇంట్లోనే కూర్చుని రెండోసారి చారు పోయించుకుంటోంది. సంతకం పెడితే మా నాన్న చెప్పులరిగేలా తిరిగి తెచ్చిన కార్డుతో అబద్ధపు ప్రమాణం చేసినదాన్నవుతాను. లాయరమ్మకు నిజం చెబితే బండి పోతుంది, అన్నం పోతుంది, దోషి స్థానంలో నేను నిలబడతాను. ఏమీ చేయకపోతే సోమవారం మళ్ళీ వెనక సీటు. ఎటు తిరిగినా గోడే. భయమేసింది, చాలా భయమేసింది.

ఆదివారం పొద్దున, "నేను సంతకం పెట్టను" అన్నాను. అంతే అన్నాను, కారణం చెప్పలేదు. భాస్కర్ తింటున్న కంచం తోసేసి లేచిపోయాడు. "బండి పేరునెట్టిన పాపానికి నెత్తికెక్కింది," అంది మా అత్త. కంచం కడిగి, ఒలికిన పప్పు తుడిచాను. గెలిచినట్టేమీ అనిపించలేదు. డబ్బా కుండీ కిందే ఉంది, బొట్టు కూడా చెరపలేదు.

సోమవారం ఎప్పటిలాగే వ్యాను కదిలింది. మొదటి ఇంటి ముందు తలుపు తీశాను. ఫ్యూఫ్యూ దగ్గుతూ వచ్చింది. వాళ్ళమ్మ పిల్ల సంచీలో మందు సీసా పెట్టి, "రాత్రంతా నిద్ర లేదు ఆంటీ. ఇవాళ కూడా కిటికీ దగ్గరే," అంది. పిల్ల అలవాటుగా నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది.

ఆ చేతిని తీసి వాళ్ళమ్మ చేతిలో పెట్టాను.

"ఈ బండి ఎక్కించకమ్మా," అన్నాను బర్మీస్‌లో. "పొగ లోపలికొస్తోంది. మసిని ఆపే భాగం కోసేశారు. ఇన్నాళ్ళూ నేనే తీసుకెళ్ళి పొగలో కూర్చోబెట్టాను."

ఆవిడకు సగమే అర్థమైంది. ముందు సీటులో భాస్కర్ హారన్ కొట్టాడు. ఇంకా పదమూడు ఇళ్ళున్నాయి. ఆవిడ పిల్లను దగ్గరికి లాక్కుని అటువైపు చూసింది.

"డ్రైవర్‌ని అడిగి వస్తాను ఉండు," అంది.

"అతన్ని అడగక్కర్లేదు," అన్నాను. "ఓనర్ని నేను."