సైకిల్ తాళంచెవికి మూడు కిలోమీటర్లు

నా కుడి తొడ ఎముక ఎలా విరిగిందన్న దాని మీద మా చాంపియన్ రీఫ్ గనివాళ్ళ ఇళ్ళ లైన్లలో ఐదు కథలు తిరుగుతున్నాయి. ఐదూ నేను చెప్పినవే. పాలు పోసే ఆనంద్‌కు చిరుతపులి కథ చెప్పాను. బంగారుపేట రైల్లో కలిసిన ఒక పెద్దమనిషికి, సుడిగాలి నన్ను సైకిలుతో సహా లేపి, గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద పడేసిన కథ చెప్పాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని అరటిపండు కూడా ఇచ్చాడు.

అసలు సంగతి నా భార్య మునిలక్ష్మమ్మకు తెలుసు. సైకిలు క్యారియరు మీద పనసపండు కట్టుకుని వచ్చాను. దిగేటప్పుడు అది వెనక ఉందన్న సంగతి మరిచిపోయాను. ఎప్పటిలాగే కాలు వెనక్కి తిప్పి పండును తన్ని, మా ఇంటి ముందే దబ్బున పడ్డాను. పండుకు ఏమీ కాలేదు. నన్ను ఆసుపత్రిలో పడుకోబెట్టిన సాయంత్రం వీధి వీధంతా కూర్చుని దాన్ని తిన్నారట. తొనలు బాగున్నాయని చెప్పడానికి ఇద్దరు ఆసుపత్రి దాకా వచ్చారు కూడా.

తొడలో పొడుగాటి కడ్డీ దూర్చి స్క్రూలు బిగించారు. అది మన గని బంగారమేనని వీధి పిల్లలకు చెప్పాను. వాళ్ళు పాత స్పీకరులోంచి అయస్కాంతం ఊడదీసి తెచ్చి నా తొడకు ఆనించి చూశారు. అంటుకోలేదు. ఇక బంగారమేనని అందరికీ రూఢి అయిపోయింది. మునిలక్ష్మమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"బంగారమే ఐనింటే ఇన్నాళ్ళు నీ తొడలో ఎందుకు పెడతా? ఎప్పుడో కుదువ పెట్టుందును," అంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నా సైకిలుకు తాళం వేసి, చెవిని తన తాళిబొట్టు పక్కన పిన్నీసుకు తగిలించుకుంది. డెబ్బై ఒక్క ఏళ్ళవాణ్ణి. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. అందరిలాగే నాకూ మిగిలింది కాలక్షేపమే. సైకిలుంటే నాకు ఆండర్సన్‌పేట టీ అంగడి ఉంది, బంగారుపేట సంత ఉంది, వినేవాళ్ళు దొరికే ప్రతి మలుపూ ఉంది. సైకిలు లేకపోతే మంచం నుంచి అరుగు, అరుగు నుంచి మంచం. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. కొత్తవాళ్ళెవరూ దొరక్క, చెప్పిన కథలే గోడకు చెప్పుకున్నాను. గోడ కూడా విసుక్కుంది.

జనవరిలో యువక సంఘం యోగేశ్ కాగితాల కట్ట పట్టుకుని మా వీధికి వచ్చాడు. ఊరిగాం నుంచి మా చాంపియన్ రీఫ్ మైదానం దాకా పరుగు పందెమట. వయసు పిల్లలకు చుట్టూ తిరిగి పది కిలోమీటర్లు, అరవై దాటినవాళ్ళకు నేరుగా మూడు.

"తాతా, నువ్వొచ్చి జెండా ఊపప్పా. నీకు కుర్చీ ఏస్తాం," అన్నాడు.

"కుర్చీ మీ నాయనకు ఎయ్యి. నేను పరిగెత్తుతా. పేరు రాసుకో."

ఇంట్లోంచి మునిలక్ష్మమ్మ నవ్వు వినబడింది. ఆ నవ్వు గుమ్మం దాటి బయటికి వచ్చాక ఆమె వచ్చింది.

"ఏందయ్యా నువ్వు పరిగెత్తేది? చెంబు అందుకునేదానికి నన్ను పిలస్తావే!"

"పరిగెత్తి చూపిస్తే సైకిలు ఇస్తావా?"

"ఓ, ఇస్తా. కట్టె పట్టుకోకూడదు, కూర్చోకూడదు, యాడా నిలబడకూడదు. ఒక్క తావున నిలబడినావంటే ఆ సైకిలు పాతినుము వాడికి ఏసేస్తా. ఆమీద నన్నడగొద్దు."

యోగేశ్ సాక్షి. మాట మాటే.

శిక్షణ ఇవ్వడానికి నా దోస్తు తిమ్మప్పను పిలుచుకున్నాను. గనిలోకి దిగే బావి నోటి దగ్గర నేను బెల్లు కొట్టే బెల్‌మన్‌ను. అతను పైన కేజును నడిపే ఇంజను డ్రైవరు. మనుషుల్ని దించే కేజు అతనికి కనబడదు. నేను కొట్టే బెల్లు ఒక్కటే వినబడుతుంది. కేజు కదులుతుండగా ఒక బెల్లు పడిందంటే, ఉన్నది ఉన్నట్టు ఆపేయాలి. ఎందుకని అడగకూడదు. మూడు కొడితే మనుషులు ఎక్కారని, మెల్లగా పోవాలని. ఆ తర్వాత రెండు కొడితే కిందికి దించమని, ఒకటే కొడితే పైకి లాగమని. ముప్పై ఏళ్ళు మా ఇద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఇవే. అందుకే ఇప్పటికీ స్నేహం చెడలేదు.

"రాయి ఎత్తేటప్పుడు ఎట్ల గుంజినా అడిగేవాడు లేడు. నీ కాల్లో మనుషులుండారనుకో. మూడు బెల్లుల స్పీడే. దాటినావంటే నేను ఒప్పను," అన్నాడు తిమ్మప్ప.

ఆసుపత్రిలో కాలు సాగదీయించే అమ్మాయి కూడా ఇదే చెప్పింది, బెల్లుల మాట లేకుండా. కొంచెం నడక, కొంచెం పరుగు, రోజుకు నాలుగు అడుగులు ఎక్కువ. మొదటి రోజు కరెంటు స్తంభం దాకా పరిగెత్తి దాన్నే కౌగిలించుకున్నాను. పదో రోజుకు మూడో స్తంభం. నెల తిరిగేసరికి ఆగకుండా రెండు కిలోమీటర్లు. పరుగంటే మీరు గుర్రాన్ని తలుచుకోకండి. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచిన ముసలమ్మను తలుచుకోండి, చాలు.

పందెం రోజు ఊరిగాంలో నలభై రెండు మంది ముసలివాళ్ళం చేరాం. అందరం గనివాళ్ళమే. నా మీద కాపలాకు మునిలక్ష్మమ్మ మా మనవరాలు ధన్యను పంపింది. కాలేజీ పిల్ల. చేతిలో ఫోను, మొహంలో వాళ్ళ అవ్వ.

"తాతా, నేను నీ పక్కనే వస్తా. వీడియో తీస్తా. మోసం లేదు."

"నీకు నడక నేర్పింది నేనే, తెలుసా?"

"అది గూడా వీడియో ఉంటే చూపించు."

ఈల వేశారు. కదిలాం. మొదటి కిలోమీటరు తొడ బిర్రుగా, కొత్త తోలు చెప్పులా కిర్రుమంది. ఆ తర్వాత వెచ్చబడి దారికి వచ్చింది. తిమ్మప్ప నా ఎడమ పక్క, ధన్య కుడి పక్క. ఇంతలో శివరాజ్ వెనకనుంచి వచ్చాడు. గనిలో దుంగలు నిలబెట్టే టింబరింగ్‌లో పనిచేసినవాడు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పచ్చ బూట్లు వేసుకున్నాడు.

"మామా! కడ్డీ బంగారం గదా, బరువుగా ఉండాదా? ఇట్లిచ్చేయి, నేను మోస్తా!" అని నవ్వుతూ దాటిపోయాడు.

నాలో నిప్పు రాజుకుంది. కాళ్ళు వాటంతట అవే వడివడిగా పడ్డాయి. తిమ్మప్ప నా చొక్కా కొస పట్టి లాగాడు.

"మూడు బెల్లులు! మనుషులుండారు లోపల!"

పళ్ళు కొరుక్కుని తగ్గాను. సైకిలు గుర్తు తెచ్చుకున్నాను. శివరాజ్ ఎంత ముందు పోతే నాకేం, వాడికి తాళంచెవి ఇవ్వదు కదా.

రెండు కిలోమీటర్లు దాటేసరికి నీళ్ళ బల్ల కనబడింది. శశికళ అని బడిలో పాఠం చెప్పే అమ్మాయి అక్కడ నిలబడి ఉంది. నీళ్ళున్నాయని దూరానికి తెలియాలి కదా అని, బడిగంటగా వాడే రైలు పట్టా ముక్కను తెచ్చి వెదురుకు వేలాడదీసింది. మా గుంపు దగ్గరపడగానే సుత్తితో ఒక్కటి కొట్టింది.

ఠంగ్!

ఆ శబ్దం మా బావి నోటి శబ్దమే. అచ్చం అదే.

నలభై రెండు మందిమీ ఆగిపోయాం. మెల్లగా నడిచి ఆగడం కాదు, లేచిన పాదం లేచినట్టే. ముందు పోతున్న శివరాజ్ పచ్చ బూటు గాల్లోనే నిలిచిపోయింది. తిమ్మప్ప కుడి చెయ్యి ముందుకు సాగి, లేని బ్రేకును పట్టుకుని బిగించింది. ఒకాయన నోట్లో పోసుకున్న నీళ్ళు మింగలేదు, ఉమ్మలేదు. వెనకనుంచి పది కిలోమీటర్ల కుర్రాళ్ళు దూసుకొచ్చి మా వీపులకు కొట్టుకుని, గొర్రెల్లా ఒకరిమీదొకరు పడ్డారు.

"ఏమాయె తాతా? ఎందుకు నిలబడినారు అందరూ?" అని ఒకడు అరిచాడు.

"ఒక బెల్లు పడింది," అన్నాడు తిమ్మప్ప.

"పడితే?"

"పడితే ఏందిరా? పడింది!"

ధన్య నా చెయ్యి పట్టి గుంజుతోంది. "తాతా, నిలబడొద్దు! అవ్వ సైకిలు ఏసేస్తుంది! కదులు!"

కదలాలనే ఉంది. కాలు రాదే! పాపం శశికళకు ఏడుపొక్కటే తక్కువ. "నీళ్ళు తాగండి సార్, నీళ్ళకే కొట్టినాను," అంటోంది. ఎవరూ గ్లాసు ముట్టలేదు.

"బెల్‌మన్ ఎవురప్పా?" అని ముందునుంచి ఎవరో కేకేశారు.

నలభై ఒక్క తలలు నా వైపు తిరిగాయి. పోయి శశికళ చేతిలోంచి సుత్తి తీసుకున్నాను. మూడు కొట్టాను. అందరూ భుజాలు సర్దుకుని, మోచేతులు లోపలికి పెట్టుకున్నారు, కేజులో ఇరుక్కుని నిలబడినట్టు. ఇక పోవడానికి కొట్టాలి. అక్కడ తగాదా వచ్చింది.

"దావ ఎగువా, దిగువా?" అన్నాడు తిమ్మప్ప.

"ఎగువే," అన్నాడు శివరాజ్.

"కండ్లు కనబడవా? మైదానం దిక్కు నీళ్ళు పారతాయి గదరా. దిగువ!"

కాసేపు వాదించుకుని దిగువేనని తేల్చారు. రెండు కొట్టాను. గుంపంతా కదిలింది. కుర్రాళ్ళు దండం పెట్టి తమ దారి పట్టారు.

"నాలుగు నిమిషాల పదకొండు సెకండ్లు," అంది ధన్య ఫోను చూసి. ఆ పిల్ల గొంతులో కూడా జాలి వినబడింది.

చివరి కిలోమీటరు ఎలా పరిగెత్తానో చెప్పలేను. తొడ నొప్పి లేదు, ఊపిరి బాగానే ఉంది. కళ్ళముందు మాత్రం పాతినుము వాడు నా సైకిలు హ్యాండిలు పట్టుకుని తోసుకుపోతున్నాడు. జరిగింది జరిగినట్టు చెబుదామా? నలభై రెండు మంది ముసలివాళ్ళు ఒక పట్టా ముక్క చప్పుడుకు రోడ్డు మీద బొమ్మల్లా నిలబడ్డారంటే ఎవరు నమ్ముతారు? నా ఐదు కథల్లోనూ ఇంత పెద్ద అబద్ధం లేదు. అందుకని నమ్మేలా ఒక చిన్న అబద్ధం తయారుచేసుకున్నాను.

మైదానంలో గీత దాటాను. చివరినుంచి మూడో స్థానం. ఏ చివర అని ఎవరూ అడగలేదు కాబట్టి ఇప్పటికీ మూడో స్థానమనే చెప్పుకుంటున్నాను. మునిలక్ష్మమ్మ అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"నిలబడినావా?" అంది.

"ఆవు అడ్డమొచ్చింది. తెల్లావు. కొంచేపు..."

"అబద్ధం అవ్వా," అంది ధన్య. ఫోను చేతికిచ్చింది.

మునిలక్ష్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఠంగ్ అంది ఫోను. మేమంతా ఆగాం. ఆమె మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. మూడోసారి చూస్తున్నప్పుడు తిమ్మప్ప రొప్పుకుంటూ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వదినా, తప్పు వాడిది గాదు. ఒక బెల్లు పడినాంక..."

"నువ్వు సుమ్మనుండప్పా తిమ్మప్పా. ఒక బెల్లంటే ఏందో నాకు చెప్పాల్నా?"

ఆమె నాన్న కూడా గనిలోనే పనిచేశాడు. ఒకరోజు కేజు తలుపు ఊడితే, ఎవరో కొట్టిన ఒక బెల్లుకు ఇంజను ఆగి, ఆయన రెండు కాళ్ళతో ఇంటికొచ్చాడు. ఇది మాత్రం నేను చెప్పే కథ కాదు, ఆమె చెప్పేది. ఎప్పుడో గానీ చెప్పదు.

పిన్నీసు విప్పింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టింది.

"ఒక బెల్లుకు నిలబడకుండా వచ్చుంటే, ఈ చెవిని బావిలో ఏసుందును. నిలబడిన దానికి గాదు, ఆవు మాట చెప్పిన దానికి బుద్ధి చెప్పాల నీకు. ఇంత మంచి సంగతి ఉంటే ఎవురైనా ఆవు కథ చెప్తారా? ఇంగ నీకు వయసైపోయిందయ్యా."

ఆ మాట తొడలో కడ్డీ కంటే లోతుగా దిగింది.

మర్నాడు పొద్దున్నే సైకిలు తుడిచి, గాలి కొట్టి, నూనె వేసి వీధిలో పెట్టాను. లైన్లలోవాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఎడమ కాలు పెడలు మీద పెట్టి కుడి కాలు వెనక్కి లేపాను. అది మోకాటి ఎత్తు దాకా లేచి, అక్కడే నిలిచింది. ఇంకోసారి లేపాను. అంతే ఎత్తు. ముందుకు పరిగెత్తడం నేర్చుకుంది గానీ, సీటు మీదుగా తిరగడం దానికి ఎవరూ నేర్పలేదు.

మునిలక్ష్మమ్మ సైకిలు తెచ్చి అరుగుకు ఆనించి, నా వైపు వంచి పట్టుకుంది. అరుగెక్కి సీటు మీదికి జరిగాను. ఆమె నిటారుగా నిలబెట్టి క్యారియరు పట్టి ఒక్క తోపు తోసింది.

పోయాను! తొమ్మిది నెలలు దాటాక చెవుల్లో గాలి. ఆండర్సన్‌పేట టీ అంగడి దాకా పోయాను. అక్కడ తెలిసింది, ఎక్కడానికి అరుగు ఎంత అవసరమో దిగడానికీ అంతే అవసరమని, పట్టుకునే మనిషి కూడా కావాలని. స్తంభం పట్టుకుని సీటు మీదే కూర్చుని టీ తాగాను. పందెం సంగతంతా సీటు మీదే చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. స్తంభాన్ని తోసుకుని ఇంటికి తిరిగాను.

అరుగు మీద మునిలక్ష్మమ్మ కాళ్ళు చాపుకుని, ఒడిలో చేట పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది.

"మునిలక్ష్మీ! వచ్చినా! పట్టుకో!"

ఆమె తలెత్తి చూసింది. ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

"ఇంగో రౌండు పోయి రాయ్యా. ఇవి ఐపోనీ."