దొంగ తట్లు

ఎండలు ముదిరినప్పటి నుంచి కింది గదిలోని దర్జీ గంటకోసారి గజంబద్దతో పైకప్పు తట్టేది. పైన ఒంటరిగా ఉండే ముసలి మాస్టారు గ్లాసుడు నీళ్లు తాగి, చేతికర్రతో నేల తట్టి జవాబివ్వాలి. "దీని పోరు పడలేకపోతున్నా" అని గొణుక్కుంటూ ఆయన తాగకుండానే తట్టేసేవారు.

నిన్న మధ్యాహ్నం కళ్లు తిరిగి మంచం మీద వాలిపోయారు. జవాబు రాకపోయేసరికి ఆమె పరుగున మెట్లెక్కి వచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి, కొద్దికొద్దిగా నీళ్లు తాగించింది.

"ఇన్నాళ్లూ దొంగ తట్లేనా మాస్టారూ?"

ఆయన తల దించుకుని గ్లాసు అందుకున్నారు.

ఇవాళ ఆయన నిజంగానే తాగి, ఆమెకంటే ముందే నేల తట్టారు. కింద కుట్టుమిషను ఆగింది.

"ఏమైంది మాస్టారూ?"

ఆయన కిటికీలోంచి కేకేశారు. "నేను తాగాను తల్లీ, నీ చలవే! మరి నువ్వు తాగావా?"

కింద బిందెలో గ్లాసు మునిగిన చప్పుడైంది.