పండ్రెండవ గడి

మామిడిపిందెల వగరువాసనతో కోకిలాలాపములతో మండుచున్న మార్తాండుని తీక్ష్ణకిరణజాలముతో శ్రీకాకుళపురము వేడెక్కుచుండిన చైత్రమధ్యాహ్నమది. కంప్యూటరునకు తెలుగు నేర్పబూనిన కూర్మనాథుడు అర్ధాంగియు సహరచయిత్రియు నగు అపరాజితతో మాటలు మాని అప్పటికి రెండు దినములైనది.

కలహకారణ మించుకంతయే. బడిపిల్లలకై మూడేండ్లు శ్రమించి ఆ దంపతులు కల్పించిన ప్రోగ్రామింగు భాషలో విలువలను వరుసగా నిలుపు పట్టికను ప్రకటించునపుడు అందెన్ని గడులో ముందే చెప్పవలెనని యామె పట్టు. వచ్చినవానికెల్ల చోటిచ్చుచు పోవలెనని యాతని మంకు.

"పసివాండ్రను మొదటనే లెక్క యడిగి బెదరగొట్టుట నాకు సమ్మతము గాదు" అని యాతడు.

"చోటెంతయో యెఱుగక పిలుచుట మర్యాదయా?" అని యామె.

ఆ భాషను బడులలో ప్రవేశపెట్టుటో మానుటో తేల్చుటకు ఉపాధ్యాయులు వచ్చిన దినమునను పట్టికను ప్రకటించు ఆ యొక్క వాక్యము వ్రాయబడక వెలితిగనే యుండెను.

అతిథులకు ముందుగా భోజనము. విస్తళ్లు వేయు పని కూర్మనాథునిపై బడెను. ఎందఱని యడుగవలెనన్న భార్యతో మాటలాడవలెను గదా! అభిమానధనుడగు నాతడు వచ్చినవారిని వచ్చినట్లు కూర్చుండబెట్టుచు ఉదారముగా ఎడమెడముగా అరటియాకులు పఱచుకొని పోయెను. తొమ్మిదవ యాకుతో గోడ తగిలెను. అన్నము వడ్డించి నేయి వేసిన పిమ్మట పంక్తిలోనివారిని కదల్చుట ఆ యింట అపచారము. అప్పుడు గుమ్మమున కనబడినవాడు అపరాజిత తండ్రి వల్లభరాయుడు. అల్లుని భాష గెలుచుట కన్నులార చూడవలెనని డెబ్బదెనిమిదేండ్ల ప్రాయమున తెల్లవాఱకమునుపే బస్సెక్కి వచ్చిన పెద్ద.

"ఫరవాలేదు నాయనా, రెండవ పంక్తిలో కూర్చుందును" అని యా వృద్ధుడు నవ్వుచు గోడకు జేరగిలబడెను.

కూర్మనాథునికి తల కొట్టివేసినట్లయ్యెను. అపరాజిత తండ్రికి మజ్జిగ తెచ్చి యిచ్చి భర్తను ఒక్కమాటయు ననక లోనికేగెను. తిట్టినను బాగుండెడిది.

రెండవ పంక్తిలో మామగారును భుజించిన పిమ్మట కూర్మనాథుడు అందఱి యెదుట కంప్యూటరు తెఱచి వెలితిగనున్న చోట తానే వ్రాసెను: "పట్టిక భోక్తలు = 11 గడులు."

అపరాజిత వ్రేళ్లు మడచి చూచుకొనెను. "వచ్చినవారు తొమ్మండుగురు. మా నాయనతో పదుగురు. పదునొకండవ గడి యెవరికి?" అని రెండు దినములకు నోరు విప్పెను.

"వడ్డించుచు నీవింకను తినలేదు."

"దీనిని మా పిల్లలకు నేను చెప్పగలను" అని పెద్ద యుపాధ్యాయిని నవ్వుచు అంగీకారపత్రముపై సంతకము చేసెను.

"మఱి మీరో?" అని అపరాజిత భర్త నడిగెను.

"నాకు నేడు పస్తే తగిన శిక్ష."

ఆమె అతని భుజము మీదుగా చేయి సాచి పదునొకటిని చెఱిపి పండ్రెండు చేసెను.