కాలం పుట్టిన శనివారం

గురువారం పెళ్లి. ఆ ముందు ఆదివారం జగ్గయ్యపేట గుడిలో పెళ్లికూతురి సొంత పెదనాన్నే లేచి నిలబడి పెళ్లి ఆపేశారు.

క్రైస్తవుల పెళ్లిళ్లకు ఒక పద్ధతుంది. వరసగా మూడు ఆదివారాలు పాస్టరుగారు ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి అని ప్రకటన చదివి, "ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అని అడుగుతారు. ఎవరూ చెప్పరు. ఎవరో దగ్గుతారు, ఓ పసిబిడ్డ ఏడుస్తుంది, ఆయన తర్వాతి కీర్తన నంబరు చెప్పేస్తారు. మొదటి రెండు ప్రకటనలూ అలాగే గడిచిపోయాయి. మూడోదానికి మాత్రం ముందు వరసలోంచి స్తెఫనుగారు లేచారు.

"నాకుందండి అభ్యంతరం. ఆ అబ్బాయి పంచాంగం నమ్ముతున్నాడు!"

గుడి గుడంతా గుసగుసలే. ఆ అబ్బాయి, అంటే ప్రేమదాసు, ఆ రోజు నందిగామలో కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడు పాపం. మధ్యాహ్నం బస్సులో వచ్చిన బంధువెవరో సంగతి చెప్పేసరికి, కొలతలు తీసుకుంటున్న దర్జీ ఎదుట చేతులు చాపినవాడు చాపినట్టే నిలబడిపోయాడు. మంగళవారం పొద్దున జగ్గయ్యపేట వచ్చి, గుడి వరండాలో సంఘం ముందు సంజాయిషీ చెప్పుకోవాలట.

"పంచాంగమా? నేనా?" అన్నాడు.

అతనే. చేతులారా చేసుకున్నదే.

ప్రేమదాసు నందిగామ హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఆ ఏడు అక్టోబరులో రష్యావాళ్లు ఆకాశంలోకి ఒక గోళాన్ని వదిలారు. అప్పణ్ణించీ ఊళ్లో సైన్సు మాస్టారికి మహా గిరాకీ వచ్చిపడింది. కటింగు షాపులో అడిగేవాళ్లు, కిళ్లీకొట్టు దగ్గర అడిగేవాళ్లు. చివరికి స్కూలు కమిటీ ప్రెసిడెంటు సాంబయ్యగారు ఒక సభే పెట్టించేశారు. కాలం ఎప్పుడు పుట్టిందో చెప్పాలి మాస్టారు! మనవాడికి మైకు దొరికితే ఒళ్లు తెలీదు. గుంటూరులో పాత పుస్తకాల కొట్టులో కొన్న యుద్ధానికి ముందటి పుస్తకం ఒకటి చేతబట్టుకుని గంటసేపు దంచాడు. నక్షత్ర మండలాలన్నీ ఒకదానికొకటి దూరంగా పోతున్నాయనీ, వెనక్కి లెక్క వేసుకుంటూ పోతే ఒకప్పుడన్నీ ఒక్కచోటే ఉండి ఉండాలనీ, కాలం అక్కణ్ణించే మొదలనీ, అది సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల నాటి మాటనీ చెప్పాడు.

అంతే! సాంబయ్యగారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. ఏటా ఉగాదినాడు పంచాంగ శ్రవణం జరిగేది ఆయన అరుగు మీదే. ఆ లెక్కలన్నీ ఆయనకు కంఠోపాఠం.

"నూట తొంభై అయిదు కోట్ల యాభై ఎనిమిది లక్షల ఎనభై అయిదు వేల యాభై ఎనిమిది! సృష్టి మొదలై ఇప్పటికి అన్నేళ్లని మా పంచాంగంలో ఉంది. చిల్లర సర్దితే రెండు వందల కోట్లే! మాస్టారూ, మీరు కిరస్తానీ అయ్యుండి మా పంచాంగాన్ని నిలబెట్టారయ్యా!" అని తన భుజాన ఉన్న జరీ కండువా తీసి ప్రేమదాసు మెడలో వేశారు. జనం చప్పట్లు. ప్రేమదాసు కాదనాలి కదా! చప్పట్లు ఆగాక అందామనుకున్నాడు. ఆగేసరికి మైకు తీసేశారు.

ఆ కబురు చిల్లకల్లు దాటి జగ్గయ్యపేట చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి. ప్రేమదాసు పంచాంగం చూస్తే గాని బస్సు ఎక్కడట. పెళ్లికి ముహూర్తం కూడా పెట్టించాడట.

ఎవరికి చేరినా ఫరవాలేదు గాని, స్తెఫనుగారికి చేరకూడదు. ఆయన మిషను స్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. వెళ్లిపోతూ ఓ దొరగారిచ్చిన ఇంగ్లీషు బైబిలు ఉందాయన దగ్గర. దాని మొదటి పేజీ అంచున సృష్టి జరిగిన ఏడు, క్రీస్తుకు నాలుగువేల నాలుగేళ్ల ముందు అని అచ్చు వేసి ఉంది. పైగా దొరగారు నోటిమాటగా తేదీ కూడా చెప్పి వెళ్లారు: అక్టోబరు ఇరవై రెండు, శనివారం, పొద్దుగూకే వేళ. ఇక చూసుకోండి, ముప్ఫై ఏళ్లు ఆ తేదీ ఎక్కం లాగా పిల్లల చేత అప్పజెప్పించుకున్నారు.

తమ్ముడు పోయాక ఆయన కూతురు కృపావతిని పెంచి, టీచరు ట్రైనింగు చదివించింది ఈ పెదనాన్నే. కనక ఆయన ఊ అంటేనే పెళ్లి. ప్రేమదాసుకు నిద్ర పట్టలేదు. పెళ్లిచూపులనాడు, చలికాలం బావినీళ్లు వెచ్చగా ఎందుకుంటాయని అడిగింది కృపావతి. అతను ఏదో చెప్పబోతే, "నీళ్లు మారవండి. మన చెయ్యే చల్లబడి ఉంటుంది" అంది. నిజమే! ఇంత చదివీ తనకు తట్టలేదు. ఆ పిల్ల తప్ప ఈ లోకంలో ఇంకెవరూ వద్దని అప్పుడే అనుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్లని ఎవరో చేతిలోంచి లాక్కుపోతున్నట్టుంది.

సోమవారం బెజవాడ పరుగెత్తి, లైబ్రరీలో కాళ్లావేళ్లా పడి ఒక కొత్త ఇంగ్లీషు పత్రిక తెచ్చుకున్నాడు. అందులో దేవుడి దయవల్ల మంచి వార్త ఉంది. పాత లెక్క తప్పట. దూరాలు కొలవడంలోనే పొరపాటు జరిగిందట. కాలం పుట్టి అయిదు వందల కోట్ల ఏళ్లు పైమాటేనట! ఇంకేం, పంచాంగానికీ తనకూ మూడు వందల కోట్ల ఏళ్ల దూరం. హమ్మయ్య అనుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే నందిగామలో బస్సెక్కితే, లోపల సాంబయ్యగారు కూర్చుని ఉన్నారు. చంకలో పంచాంగం.

"మీ పెళ్లి నా మూలాన ఆగితే నేను ఊరుకుంటానా మాస్టారూ? సాక్ష్యం చెప్పడానికి వస్తున్నా" అన్నారు.

"వద్దండి బాబోయ్, మీకెందుకండి శ్రమ?"

"శ్రమేముంది, టిక్కెట్టు కూడా తీసేశా."

గుడి వరండాలో బల్ల వేసుకుని పాస్టరు జ్ఞానయ్యగారు కూర్చున్నారు. ముందు రిజిస్టరు ఉంది. ఒక పక్క స్తెఫనుగారు, ఆయన వెనక స్తంభం దగ్గర కృపావతి. ప్రేమదాసు వందనాలు చెబుతుండగానే సాంబయ్యగారు అందుకున్నారు.

"అయ్యగారూ, మా మాస్టారు బంగారం. సిగరెట్టు లేదు, పేకాట లేదు. మా పంచాంగం ఒక్కటే—"

"విన్నారా?" అన్నారు స్తెఫనుగారు.

"కాదండీ!" ప్రేమదాసు పత్రిక తీసి బల్ల మీద పరిచాడు. "కొత్త లెక్క వచ్చిందండి. రెండు వందల కోట్లు తప్పు. అయిదు వందల కోట్లు. పంచాంగంతో నాకేం సంబంధం లేదు."

సాంబయ్యగారు నొచ్చుకున్నారు. "అదేంటి మాస్టారూ, నెల తిరక్కుండా మూడు వందల కోట్ల ఏళ్లు ఎక్కణ్ణించి పట్టుకొచ్చారు? ఆ కండువా మెడలో వేసినప్పుడు చెప్పొద్దూ?"

"అదీ మాట!" అన్నారు స్తెఫనుగారు. అరక్షణంలో ఇద్దరు పెద్దలూ ఒక జట్టయిపోయారు. "చూడు నాయనా, ఈయన లెక్క తప్పే. అయినా అది స్థిరంగా ఉంది. నా లెక్క శనివారం పొద్దుగూకే వేళ నించి ఒక్క గంట కదల్లేదు. నీకేమో నిన్నటి లెక్క ఇవాళ లేదు. ఇలాంటివాడికి పిల్లనెలా ఇచ్చేది?"

జ్ఞానయ్యగారికి పొద్దుటినించీ కాఫీ లేదు. ఎలాగైనా తేల్చేద్దామని, "సరేనయ్యా, కాలం పుట్టకముందు ఏముండేదో అది చెప్పండి" అన్నారు.

"బ్రహ్మగారికి రాత్రి. దానికి ముందు పగలు. దానికి ముందు మళ్లీ రాత్రి" అన్నారు సాంబయ్యగారు తాపీగా.

"దేవుడు ఉన్నాడు. ముందూ వెనకా లేవు" అన్నారు స్తెఫనుగారు.

"ముందు అన్న మాటే అక్కడ చెల్లదండి" అన్నాడు ప్రేమదాసు.

"అదే కదయ్యా నేనన్నది!" అని గదమాయించి, తానేమన్నారో తెలిసొచ్చి నాలిక్కరుచుకున్నారు స్తెఫనుగారు. "అయినా నా అభ్యంతరం అభ్యంతరమే. రాసుకోండి."

జ్ఞానయ్యగారు నిట్టూర్చి రిజిస్టరు తెరిచారు. ఉన్నదున్నట్టు పైకి చదివారు. "వరుడు ప్రేమదాసు, ఇరవై ఆరు. వధువు కృపావతి, ఇరవై రెండు. అభ్యంతరం—"

"ఇరవై ఏడు" అంది కృపావతి.

అందరూ అటు తిరిగారు. స్తెఫనుగారి మొహం పాలిపోయింది. "అమ్మాయ్, నువ్వు లోపలికి వెళ్లు."

"వెళ్లను పెదనాన్నా." ఆమె స్తంభం దగ్గర్నించి కదల్లేదు. "లోకం ఎప్పుడు పుట్టిందో వారంతో సహా చెప్తారు మీరు. నేను పుట్టి ఇరవై ఏడేళ్లయింది, అది మాత్రం చెప్పరు. సంబంధం వచ్చినప్పుడల్లా ఇరవై రెండే అంటారు. ఒకాయన బీడీ కాల్చాడని పంపేశారు, ఒకాయన సినిమాకెళ్లాడని పంపేశారు. నేను అయిదేళ్లుగా ఇరవై రెండులోనే ఉన్నా. ఇక నా వల్ల కాదు. ఈయన వద్దంటే వద్దననీయండి, నా వయసు మాత్రం సరిగ్గా రాయించండి."

సాంబయ్యగారు మెల్లిగా పంచాంగం మూసి ఒళ్లో పెట్టుకున్నారు.

స్తెఫనుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచినా మళ్లీ పెట్టుకోలేదు. "మీ నాన్న పోయేముందు మాటిచ్చానమ్మా, ఇరవై మూడు రాకుండా నీ పెళ్లి చేస్తానని. ఇరవై మూడు వచ్చేసింది. మాట తప్పినవాణ్ణవుతానని... రానివ్వకుండా ఆపేశా" అన్నారు.

జ్ఞానయ్యగారు ఇబ్బందిగా ప్రేమదాసు వైపు చూశారు. "మరి బాబూ, అమ్మాయి నీకంటే ఏడాది పెద్దదని తేలింది. ఇప్పుడు నిన్నడగాలి. నీకేమైనా అభ్యంతరముందా?"

కృపావతి తలెత్తలేదు. స్తంభం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ప్రేమదాసుకు ఆ చెయ్యి చూస్తే ఏడుపొచ్చినంత పనయింది.

"అయ్యగారూ, రెండు వందల కోట్లని సభలో చెప్పి, అయిదు వందల కోట్లకు దిద్దుకున్నవాణ్ణి. నాకు అయిదేళ్లు ఒక లెక్కా అండి? కొట్టేసి ఇరవై ఏడు రాసుకోండి" అన్నాడు.

సాంబయ్యగారు, "శభాష్!" అని గట్టిగా అరిచేశారు. కృపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ప్రేమదాసుకు తెలియలేదు. అప్పుడు ఆమెకే తెలిసి ఉండదు.

స్తెఫనుగారు కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "నా అభ్యంతరం తీసేసుకుంటున్నా" అన్నారు.

"తీసుకుంటే సరిపోదండి, కారణం రాయాలి" అన్నారు జ్ఞానయ్యగారు, కలం పట్టుకుని.

"లెక్క తప్పిందని రాయండి" అన్నారు స్తెఫనుగారు. "ఎవరిదో మాత్రం రాయకండి."